ఆరు ఋతువుల అరకు

పాఠ్యభాగ పరిచయం

ఇది వ్యాసప్రక్రియకు చెందిన పాఠం. విశాఖపట్నం అనగానే సముద్రం, ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. ఆ నగరానికి వెనుకవైపున తూర్పు కనుమల అరణ్యసీమ విస్తరించి ఉన్నది. ఆ సీమలో అరకులోయ ప్రసిద్ధమైన పర్వత విడిది. ఏడాది పొడవునా అక్కడ కనిపించే ప్రకృతి విశేషాలను, వన్యప్రాణులను, పండుగలను పరిచయం చేయడం, ఆ కొండలకూ నగరానికీ ఉన్న సంబంధాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

విశాఖపట్నంలోని ద్వారకా నగర్ ఎప్పుడూ సందడిగా ఉండే ప్రాంతం. ఒకవైపు విద్యాలయాలు, మరొకవైపు పౌర గ్రంథాలయం, వాటికి చేరువలోనే ద్వారకా బస్ స్టేషన్. తెల్లవారుజామున ఈ బస్ స్టేషన్‌లో నిలబడితే రెండు రకాల ప్రయాణికులు కనిపిస్తారు. అరకు, పాడేరు బస్సుల కోసం ఎదురుచూసే విహారయాత్రికులు ఒకరు. అదే దారిలో కొండలు దిగి, నగరంలో వైద్యం కోసమో, చదువు కోసమో, సరుకుల కోసమో వచ్చిన గిరిజనులు మరొకరు. యాత్రికునికి ఆ కొండలు రెండు రోజుల వినోదం. గిరిజనునికి అవి తరతరాల నివాసం. ఈ ఇద్దరి చూపులనూ కలిపి చూసినప్పుడే అరకులోయ పూర్తిగా అర్థమవుతుంది.

కొండదారి

ద్వారకా నగర్ నుండి అరకులోయ రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటిన తరువాత దారి మెలికలు తిరుగుతూ అనంతగిరి కొండలను ఎక్కుతుంది. సముద్రమట్టానికి అరకులోయ 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అనంతగిరి అంతకంటె ఎత్తైనది. సాధారణంగా వెయ్యి మీటర్లు పైకి పోయినకొద్దీ గాలి ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుంది. విశాఖ తీరంలో చెమటతో బయలుదేరిన ప్రయాణికుడు మూడు నాలుగు గంటలలో చల్లని గాలిలోకి చేరుకోవడానికి కారణం ఇదే.

రైలుమార్గం మరింత రమణీయమైనది. కొత్తవలస నుండి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు సాగే ఈ మార్గాన్ని 1960 దశకంలో జపాన్ సహకారంతో నిర్మించారు. విహారయాత్రికుల కోసం దీనిని వేయలేదు. బైలాడిలా గనులలోని ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి, అక్కడి నుండి జపాన్‌కు పంపడమే దీని లక్ష్యం. బొడ్డవర దాటిన తరువాత రైలు సొరంగాలలో దూరుతూ, వంతెనలు దాటుతూ, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగూడ చేరుతుంది. సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నింటిలో ఎత్తైనదిగా పేరు పొందింది. 2017 ఏప్రిల్ నుండి ఈ మార్గంలో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టె ప్రవేశించింది. ఖనిజం కోసం వేసిన దారి ఈ విధంగా కనువిందుకు కూడా దారి అయినది.

ఊటీ, సిమ్లా వంటి పర్వత విడుదులను ఆంగ్లేయులు తమ వేసవి నివాసాలుగా తీర్చిదిద్దుకున్నారు. విశాఖ మన్యంలో అది సాధ్యపడలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో గాలికొండ మీద ఆరోగ్య విడిది నెలకొల్పాలని వారు ప్రయత్నించినా, దోమకాటు వలన వచ్చే మన్యపు జ్వరం వారిని అక్కడ నిలవనీయలేదు. అందువలన అరకు దొరల బంగళాల ఊరుగా మారలేదు. ఇక్కడి గ్రామాలు, పొలాలు, సంతలు గిరిజనులవిగానే మిగిలాయి. ఇతర పర్వత విడుదులలో లేని ప్రత్యేకత అరకుకు ఇదే.

వసంత గ్రీష్మాలు

చైత్రమాసంలో అరకు ప్రాంతపు కాఫీ తోటలు పూస్తాయి. వేసవి ఆరంభంలో ఒకటి రెండు జల్లులు పడగానే కొమ్మల నిండా తెల్లని పూలు విచ్చుకుంటాయి. వాటి పరిమళం మల్లెలను తలపిస్తుంది. ఈ పూలు కొద్ది రోజులకే వాడిపోతాయి. ఆ జల్లు తప్పితే పూత తప్పుతుంది. పూత తప్పితే ఆ ఏటి పంట తగ్గుతుంది. యాత్రికుడు పూల అందాన్ని చూస్తే, రైతు ఆకాశం వైపు చూస్తాడు.

ఈ మాసంలోనే ఇటుకల పండుగ జరుగుతుంది. విత్తనాలను గ్రామదేవత ముందు ఉంచి పూజించి, ఆ తరువాతనే పొలంలో చల్లడం ఆచారం. పూర్వం నుండి ఈ పండుగ రోజులలో పురుషులు వేటకు వెళ్లడం, స్త్రీలు దారికి అడ్డంగా కర్రలు పెట్టి, పాటలు పాడుతూ బాటసారుల నుండి కానుకలు స్వీకరించడం వాడుక. వన్యప్రాణుల సంఖ్య తగ్గిన నేటి కాలంలో వేట చట్టవిరుద్ధం. అయినా పాట, ఆట, విత్తనపూజ నిలిచి ఉన్నాయి.

పండుగలలో, పెళ్ళిళ్ళలో గిరిజనులు ధింసా నృత్యం చేస్తారు. స్త్రీలు ఒకరి వీపు వెనుక నుండి మరొకరి చేతిని పట్టుకొని వరుసగా నిలబడి, లయకు అనుగుణంగా అడుగులు వేస్తారు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు ఈ నృత్యానికి వాద్యాలు. ధింసాలో అనేక రకాలు ఉన్నాయి. గ్రామదేవతను కొలిచేటప్పుడు చేసేది బోడ ధింసా. ఆకులు ఏరే పనిని అభినయించేది పొతర్‌తోల. పులి బారి నుండి తప్పించుకొనే తీరును చూపేది బాగ్ ధింసా. అడవిలోని బ్రతుకు అంతా ఈ అడుగులలో ఇమిడి ఉన్నదని చెప్పవచ్చు. విడిది గృహాల ఆవరణలలో యాత్రికుల కోసం ప్రదర్శించే ధింసా కొన్ని నిమిషాల వినోదం. గ్రామంలో ఆడే ధింసా మాత్రం అందరూ పాల్గొనే సామూహిక ఉత్సవం.

మే నెలలో మైదానాలు ఎండకు మండిపోతున్నప్పుడు నగరవాసులు అరకుకు తరలివస్తారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించేందుకు ఏర్పడిన పద్మాపురం తోట నేడు పూలమొక్కలతో, చెట్ల మీద కట్టిన కుటీరాలతో వారిని ఆకర్షిస్తుంది. గిరిజన మ్యూజియంలో మన్యవాసుల పనిముట్లు, ఆభరణాలు, వాద్యాలు, ఇళ్ళ నమూనాలు చూడవచ్చు. అదే నెలలో పాడేరులో మోదకొండమ్మ జాతర వైభవంగా జరుగుతుంది. మన్యం నలుమూలల నుండి, మైదాన ప్రాంతాల నుండి భక్తులు అక్కడికి చేరుకుంటారు.

వర్ష శరత్తులు

నైరుతి ఋతుపవనాలు ప్రవేశించగానే కొండల రూపం మారిపోతుంది. ఎండిన వాగులకు ప్రాణం వస్తుంది. బొర్రా గుహలకు సమీపంలోని కటికి జలపాతం ఎత్తైన కొండ మీద నుండి దూకుతుంది. డుంబ్రిగూడ మండలంలోని చాపరాయి వద్ద నీరు విశాలమైన రాతిపలక మీద జారుతూ ప్రవహిస్తుంది. ఈ కాలంలో ప్రకృతి ఎంత మనోహరమో అంత ప్రమాదకరం కూడా. నాచు పట్టిన రాళ్ళ మీద కాలు జారడం, హఠాత్తుగా వాగు పొంగడం, ఘాట్ రోడ్డు మీద, రైలు పట్టాల మీద కొండచరియలు విరిగిపడడం తరచుగా సంభవిస్తాయి. వర్షాకాలంలో జలపాతాన్ని దూరం నుండి చూసి ఆనందించడమే వివేకం.

ఇదే కాలంలో గిరిజనులు వరి, చోళ్ళు, సామలు, కొర్రలు పండిస్తారు. కొండవాలున మెట్లు మెట్లుగా మలచిన మడులలో వాగునీటిని ఒక మడి నుండి మరొక మడికి పారించుకుంటారు. కొత్త పంట చేతికి వచ్చినప్పుడు దానిని ముందుగా దేవతకు సమర్పించి కొత్త పండుగ చేసుకుంటారు. అంతవరకు ఆ పంటను రుచి చూడకపోవడం వారి నియమం.

వర్షాలు వెనుకపట్టు పట్టగానే లోయ అంతా పసుపు వర్ణం దాలుస్తుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వలిసె చేలు పూస్తాయి. వలిసె నూనెగింజల పంట; ఎక్కువ సారం లేని వాలు నేలలలో కూడా పండుతుంది. ఆ పూలలోని మకరందం తేనెటీగలకు ఆహారం. ఇటీవలి సంవత్సరాలలో వలిసె చేలు ఛాయాచిత్రాలకు, చలనచిత్రాలకు ప్రసిద్ధి చెందాయి. అయితే ఛాయాచిత్రం కోసం చేనులోకి దిగే ప్రతి అడుగు కొన్ని మొక్కలను నేలకూలుస్తుంది. అందువలన కొందరు రైతులు చేను గట్టున దారి విడిచి, ప్రవేశానికి స్వల్ప రుసుము వసూలు చేస్తున్నారు. దీనిని అత్యాశగా భావించరాదు. అది పంటకు కలిగే నష్టానికి ఇచ్చే పరిహారం.

హేమంత శిశిరాలు

మన్యపు అందం శీతకాలంలో పరాకాష్ఠకు చేరుకుంటుంది. రాత్రివేళ కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలలోకి దిగుతుంది. అందులోని తేమ మంచుమేఘంగా మారి లోయను నింపుతుంది. పాడేరు సమీపంలోని వంజంగి కొండ మీద, అరకు సమీపంలోని మాడగడ వద్ద సూర్యోదయం వేళ నిలబడితే, కాళ్ళ క్రింద తెల్లని సముద్రం పరచుకొన్నట్లు కనిపిస్తుంది. కొండ కొనలు ఆ సముద్రంలో దీవుల వలె తేలుతాయి. ఎండ కాస్త ముదరగానే ఆ మేఘం కరిగిపోతుంది.

చింతపల్లి మండలంలోని లంబసింగిలో చలి మరింత తీవ్రం. అక్కడ కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దగ్గరగా పడిపోతుంది. స్థానికులు ఆ ఊరిని కొర్రబయలు అని కూడా పిలుస్తారు. రాత్రి ఆరుబయట ఉన్నవారు తెల్లవారేసరికి కొర్రవలె బిగుసుకుపోతారని ఆ పేరుకు అర్థం చెబుతారు. చలిని చూడడానికి వచ్చేవారికి ఇది వింత. కప్పుకొనే దుప్పటి లేని వృద్ధునికి అదే చలి పరీక్ష.

నవంబరు నుండి జనవరి వరకు కాఫీ పండ్ల కోత కాలం. వసంతంలో పూసిన పూలు ఎనిమిది తొమ్మిది నెలలకు ఎర్రని పండ్లవుతాయి. అన్ని పండ్లూ ఒకేసారి పండవు. అందుచేత పండిన వాటిని మాత్రమే చేతితో ఏరి, మిగిలిన వాటి కోసం మళ్ళీ మళ్ళీ రావలసి ఉంటుంది. ఇక్కడి కాఫీ చెట్ల నీడన పెరుగుతుంది. సిల్వర్ ఓక్ చెట్లు నీడనిస్తాయి. వాటికి మిరియాల తీగలు అల్లుకొని రెండవ ఆదాయాన్ని ఇస్తాయి. కొండలను కాల్చి చేసే పోడు సాగుకు బదులుగా నీడతోటల సాగు వ్యాపించడం వలన నేలకోత తగ్గి, పక్షులకు ఆశ్రయం దొరికింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు దాని తాకిడి కొండల వరకు చేరింది. నీడనిచ్చే చెట్లు వేలాదిగా కూలి కాఫీ తోటలు దెబ్బతిన్నాయి. ఒక మొక్క నాటి పంట తీయడానికి కొన్ని సంవత్సరాలు, నీడచెట్టు ఎదగడానికి మరికొన్ని సంవత్సరాలు పడుతుంది. అయినా రైతులు తోటలను తిరిగి నిలబెట్టుకున్నారు. 2017లో పారిస్ నగరంలో అరకు కాఫీ పేరుతో దుకాణం వెలసింది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీతో పాటు తేనె, చింతపండు, కరక్కాయ వంటి అటవీ ఫలసాయాన్ని కూడా సేకరించి విక్రయిస్తున్నది.

పర్యాటక ఉత్సవాలకు కూడా ఈ కాలమే అనువైనది. 2017 నవంబరులో అరకులో వేడిగాలి బెలూన్ల ఉత్సవం జరిగింది. 2025లో జనవరి చివరి రోజు నుండి మూడు రోజులపాటు అరకు చలి ఉత్సవం నిర్వహించారు. మాఘమాసంలో మహాశివరాత్రి నాడు బొర్రా గుహలు భక్తులతో నిండిపోతాయి.

బొర్రా గుహలు

అనంతగిరి కొండలలో సుమారు 700 మీటర్ల ఎత్తున బొర్రా గుహలు ఉన్నాయి. సున్నపురాయిని నీరు లక్షల సంవత్సరాలుగా కరిగించడం వలన ఇవి ఏర్పడ్డాయి. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరిగించుకొని గుహపైకప్పు నుండి బొట్టు బొట్టుగా రాలుతుంది. ప్రతి బొట్టు పైకప్పు మీద కొంత, నేల మీద కొంత సున్నాన్ని విడిచిపోతుంది. పైనుండి వ్రేలాడే రాతి ఊడలు, క్రింది నుండి లేచే రాతి మొలకలు ఈ విధంగా పెరుగుతాయి. ఒక తరం మానవుల జీవితకాలంలో అవి పెరిగే కొలత కంటికి ఆనదు. విరిచిన ముక్క తిరిగి ఆ స్థానంలో ఏర్పడడానికి ఎన్నో తరాలు గడవాలి.

ఈ గుహలను గూర్చి స్థానికంగా ఒక కథ ఉన్నది. కొండ మీద మేస్తున్న ఆవు ఒకటి పైకప్పులోని రంధ్రం గుండా లోపలికి పడిపోయింది. దానిని వెదుకుతూ వచ్చిన కాపరికి గుహ లోపల ఆవుతో పాటు శివలింగాన్ని పోలిన శిల కనిపించింది. శివుడే ఆవును కాపాడాడని గ్రామస్థులు విశ్వసించి పూజలు ప్రారంభించారు. ఈ గుహల చెంత ప్రవహించే నదికి గోస్తని అని పేరు. గోవు పొదుగు అని దాని అర్థం.

గుహలోని చీకటికి కూడా నివాసులు ఉన్నారు. పైకప్పును పట్టుకొని గబ్బిలాలు వ్రేలాడుతూ ఉంటాయి. తూర్పు కనుమలలో అరుదుగా కనిపించే బంగారు వన్నె బల్లి ఇక్కడి రాతి సందులలో నివసిస్తుంది. యాత్రికుల కోసం ఏర్పాటు చేసిన రంగురంగుల దీపాలు గుహ అందాన్ని ప్రకాశింపజేస్తాయి. కాని అధికమైన వెలుగు, కేకలు గబ్బిలాలను బెదరగొడతాయి. ఏ గుహలోనైనా నిరంతరం దీపకాంతి పడేచోట రాళ్ళ మీద పాకుడు పెరిగి వాటి సహజవర్ణం చెడుతుంది.

వన్యప్రాణులు

అనంతగిరి, సుంకరమెట్ట పరిసరాల అరణ్యాలలో వృక్షజాతులు, పక్షిజాతులు అనేకం. ఎత్తైన చెట్ల కొమ్మల మీద బెట్టుడుత దూకుతూ ఉంటుంది. తోకతో కలిపి దాదాపు ఒక మీటరు పొడవుండే ఈ పెద్ద ఉడుత నేల మీదికి దిగడం అరుదు. చెట్ల కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నంతవరకే దానికి దారి. మధ్యలో అడవిని నరికితే దాని దారి తెగిపోతుంది.

మాటలు అనుకరించే కొండ గోరువంకలు, పెద్ద ముక్కుతో పండ్లను తిని విత్తనాలను దూరప్రాంతాలకు చేర్చే హార్న్‌బిల్ పక్షులు, తెల్లవారకముందే కూసే అడవికోళ్ళు ఈ అడవులలో ఉన్నాయి. హార్న్‌బిల్ ఆడపక్షి చెట్టు తొర్రలో ప్రవేశించి, చిన్న సందు విడిచి తొర్రను మూసివేసుకొని గుడ్లు పొదుగుతుంది. మగపక్షి ఆ సందు గుండా ఆహారం అందిస్తుంది. ముదిరిన మహావృక్షాలలోనే అటువంటి తొర్రలు ఉంటాయి. ఒక పాత చెట్టును నరికివేస్తే ఒక పక్షి కుటుంబానికి ఇల్లు కరవవుతుంది. మొరిగే జింక, ఎలుగుబంటి, ముళ్ళపంది, అలుగు వంటి జంతువులు కూడా తూర్పు కనుమలలో సంచరిస్తాయి. అవి మనుషుల కంటబడడం అరుదు. త్యాడ వద్ద పర్యాటక సంస్థ నిర్మించిన అడవి విడిది పక్షులను పరిశీలించడానికి అనుకూలమైన చోటు. అక్కడ కాలినడకన, నిశ్శబ్దంగా, తెల్లవారు వేళ వెళ్ళినవారికే అడవి తన సంపదను చూపిస్తుంది.

కొండ ఎవరిది?

ఈ అందాల వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. కొండ ఎవరిది? ఈ ప్రశ్న దేశపు అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళింది. అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాలలో ఖనిజాల త్రవ్వకానికి ప్రభుత్వం ప్రైవేటు వ్యక్తులకు, సంస్థలకు లీజులు ఇచ్చింది. గిరిజనేతరులకు భూమి బదిలీ చేయరాదనే 1959 నాటి నిబంధన, 1970లో దానికి జరిగిన సవరణ అప్పటికే అమలులో ఉన్నాయి. ప్రజలు 1/70 చట్టమని పిలుచుకునేది దీనినే. సమత అనే స్వచ్ఛంద సంస్థ గిరిజనుల పక్షాన న్యాయపోరాటం చేసింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాలలోని భూములను గనుల కోసం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వడం చెల్లదని, ప్రభుత్వం కూడా ఈ నిషేధానికి అతీతం కాదని ఆ తీర్పు సారాంశం. సమత తీర్పుగా ప్రసిద్ధమైన ఇది దేశంలోని గిరిజన ప్రాంతాలన్నింటికీ మార్గదర్శకమైనది. మన్యపు కొండలలోని బాక్సైట్ త్రవ్వకం విషయమై కూడా అనేక సంవత్సరాలు వాదప్రతివాదాలు, ఆందోళనలు జరిగాయి. 2019లో ప్రభుత్వం ఆ లీజులను రద్దు చేసింది.

గనులు అవసరం లేదని ఎవరూ అనలేరు. విశాఖ ఉక్కుకు ఇనుప ఖనిజం కావాలి. ఇంటికి కావలసిన పాత్రలకు, తీగలకు అల్యూమినియం కావాలి. కాని కొండను త్రవ్వితే వచ్చే లాభం ఎవరికి చేరుతుంది, కలిగే నష్టం ఎవరి మీద పడుతుంది అన్నది ఆలోచించవలసిన విషయం. పర్యాటకానికి కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. విడిది గృహాల ఆదాయం నగరాలకు తరలిపోయి, ప్లాస్టిక్ సీసాలు మాత్రం వాగులలో మిగిలితే ఆ పర్యాటకం కొండకు భారం. గిరిజన యువకులు మార్గదర్శకులుగా, గిరిజన కుటుంబాలు ఆతిథ్యమిచ్చేవారుగా, వారపు సంతలలో వారి పంటకు తగిన ధర లభించేదిగా సాగితే అదే పర్యాటకం కొండకు బలం.

నీటి బంధం

నగరవాసికి ఈ ప్రశ్నతో ఏమి సంబంధమని అనిపించవచ్చు. దానికి సమాధానం నీటిలో ఉన్నది. బొర్రా గుహల చెంత ప్రవహించే గోస్తని కొండలు దిగి తాటిపూడి జలాశయాన్ని చేరుతుంది. ఆపైన భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీరు విశాఖపట్నానికి త్రాగునీరు. మన్యపు కొండలలోనే పుట్టిన శారదానది మీది రైవాడ జలాశయం కూడా నగరానికి నీరందిస్తున్నది. కొండ మీద చెట్లు ఉంటే వాన నేలలోకి ఇంకి, వేసవిలోనూ వాగుగా ఊరుతుంది. చెట్లు లేకపోతే అదే వాన ఒక్కసారిగా మట్టిని కోసుకొనిపోయి జలాశయాన్ని పూడ్చివేస్తుంది. అడవి పలుచబడితే మొదట గిరిజనుని ఊటబావి ఎండుతుంది. ఆ తరువాత నగరంలోని కుళాయి ఎండుతుంది.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు కేంద్రంగా ఏర్పడింది. అరకులోయ పరిపాలన రీత్యా విశాఖపట్నం జిల్లా నుండి వేరుపడింది. కాని జిల్లాల సరిహద్దులు నదికి తెలియవు. ద్వారకా నగర్‌లోని ఇంటి కుళాయికీ, అనంతగిరి మీది చెట్టు వేరుకూ ఉన్న బంధం మారలేదు.

సాయంత్రం అరకు నుండి బయలుదేరిన బస్సు చీకటి పడ్డాక ద్వారకా బస్ స్టేషన్ చేరుతుంది. యాత్రికుడు కాఫీ పొడి, తేనె సీసా, కొన్ని ఛాయాచిత్రాలు వెంట తెచ్చుకుంటాడు. ఇంటికి వెళ్ళి గ్లాసెడు మంచినీళ్ళు త్రాగుతాడు. ఆ నీరు ఎక్కడి నుండి వచ్చినదో తెలిసిన రోజున అతని యాత్ర సంపూర్ణమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

విడిది = బస, తాత్కాలిక నివాసం
మన్యం = కొండలు, అడవులతో కూడిన ప్రాంతం
పరాకాష్ఠ = అత్యున్నత స్థితి
మకరందం = పూలలోని తేనె
కొర్ర = కర్ర, కొయ్య
చోళ్ళు = రాగులు
ఫలసాయం = పంట, రాబడి
పాకుడు = నాచు

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. కొత్తవలస – కిరండూల్ రైలుమార్గాన్ని ఏ ప్రయోజనం కోసం నిర్మించారు?
2. గోస్తని అనే పదానికి అర్థమేమి?
3. లంబసింగికి గల మరొక పేరు ఏది?
4. అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు ఏ సంవత్సరంలో లభించింది?

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. బొర్రా గుహలలో రాతి ఊడలు ఏర్పడే విధానాన్ని వివరించండి.
2. ధింసా నృత్య విశేషాలను తెలపండి.
3. వలిసె చేలలో ప్రవేశానికి రుసుము వసూలు చేయడం సమంజసమేనా? కారణాలు వ్రాయండి.

ఇ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ఆరు ఋతువులలో అరకులోయ శోభను వర్ణించండి.
2. మన్యపు కొండలకూ విశాఖ నగరానికీ ఉన్న సంబంధాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఈ) క్రింది పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి.
1. సూర్యోదయం 2. అత్యున్నత 3. విద్యాలయం

ఉ) మీ ఇంటికి వచ్చే త్రాగునీరు ఏ నది నుండి, ఏ జలాశయం నుండి వస్తున్నదో పెద్దలను అడిగి తెలుసుకొని, పది వాక్యాలలో వ్రాయండి.